నీళ్ళు లేకుండా కడిగిన కారు

ఇప్పుడు నేను చెప్పబోయేది ఒక మహాగాథ. ఇందులో ఎండిపోయిన నది ఉంది. గేటు దాటి లోపలికి రాకూడదని వెలివేసిన వాహనం ఉంది. తన మాట నెగ్గేదాకా మంచినీళ్ళు ముట్టనని భీష్మించిన పెద్దావిడ ఉంది. తండ్రీకొడుకులు ఒకరికి తెలియకుండా ఒకరు కాపలా కాసిన నిధి ఉంది. రాసుకుంటూ పోతే పర్వాలకు పర్వాలు అవుతుంది.

అంత సీను లేదు. ఒక పాత కారు. దాన్ని శుభ్రం చేయాలి. ఇంట్లో నీళ్ళు లేవు. అదీ సంగతి. నది ఎండిపోయిన మాట మాత్రం నిజమే, కానీ మా వైపు నది ఎండితే వార్త కాదు, పారితే వార్త.

మాది పాకాల. అమ్మకు మూత్రపిండాలు పనిచేయడం మానేశాక డయాలసిస్ కోసం వారానికి రెండుమూడు సార్లు తిరుపతికి తీసుకుపోయేవాళ్ళం. రైలు జంక్షన్‌లో పుట్టి పెరిగి కూడా కారులో పోవాల్సి వచ్చింది. రైలుకు దాని టైముంటుంది, డయాలసిస్‌కు దాని టైముంటుంది, ఆ రెండింటికీ ఎప్పుడూ మాటల్లేవు. కారు నాయన నడిపేవాడు. ముందు ఎడమ సీటు అమ్మది. వెనక దిండు, ఆస్పత్రి సంచి, నేను. ప్రాధాన్యం కూడా అదే వరసలో.

బయలుదేరే ముందు అమ్మ తప్పకుండా తలకు నూనె పెట్టుకునేది. కరివేపాకు, మందారపూలు వేసి తానే కాచుకున్న కొబ్బరినూనె. కొంచెం కాదు, వత్తి వేస్తే వెలిగేంత.

“ఆస్పత్రికి పోతా అంత నూనె ఎందుకుమా?” అని అడిగానొకసారి.

“చింపిరి తలతో పోతే ఆ నర్సమ్మలు ఏమనుకుంటారు? ఈమెకేదో రోగం వచ్చిందనుకోరూ?”

“వచ్చింది కదమ్మా.”

“వచ్చిందని దండోరా వేయాల్నా? నువ్వు సంచెత్తుకో.”

పోయేటప్పుడు దారి పొడుగునా మాట్లాడేది. వచ్చేటప్పుడు మాట్లాడే ఓపిక ఉండేది కాదు. తలను పక్కకు వాల్చి, కిటికీ అద్దానికి ఆనించి కళ్ళు మూసుకునేది. చంద్రగిరి దాటేసరికి నిద్రపోయేది. గతుకులొస్తే తల అద్దానికి తగలకుండా నాయన కారును నడిపించేవాడు కాదు, బుజ్జగించేవాడు. వెనక లారీవాళ్ళు హారన్లు కొడుతుంటే నేను కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి, పొండి పొండి అని ఊపేవాడిని. కారులో నాకు అప్పజెప్పిన ఉద్యోగం అదొక్కటే.

అలా ఆనించి ఆనించి ఆ అద్దం లోపలివైపు నూనె మరక ఒకటి ఏర్పడింది. అరచేయంత. ఒక అంచున దువ్వెన పళ్ళు గీసినట్టు సన్నటి గీతలు, ఒకచోట రెండు తెల్ల వెంట్రుకలు అంటుకుని ఉండేవి. మొదట్లో నాకది మురికే. తుడుద్దామని గుడ్డ తీసుకుంటే అమ్మే ఆపేది. “ఎందుకురా తుడిచేది? రేపు మల్ల అంటుకునేదే గదా. నేను పోయినాక తీరిగ్గా తుడుచుకో.” ఇలాంటి మాటలు మా ఇంట్లో కాఫీతో పాటు వచ్చేవి. అమ్మ అనేది, నేను దానికి ఇంకో జోకు తగిలించేవాడిని, నాయన మమ్మల్నిద్దరినీ చూసి తల పట్టుకునేవాడు.

ఆ ఎండాకాలం మా బోరు అడుగంటింది. సంపులోకి ట్యాంకరు నీళ్ళు పోయించుకుని బొట్టు బొట్టు వాడుకుంటున్నాం. కారు మీద రోడ్డు పనుల దుమ్ము పేరుకుని, కాగితాల్లో తెలుపని ఉన్న రంగు కాఫీ పొడి రంగుకు తిరిగింది. అప్పుడు నేను ఆన్‌లైన్‌లో ఒక స్ప్రే సీసా తెప్పించాను. నీళ్ళు అక్కర్లేకుండా కారు కడిగేది. చల్లి, మెత్తటి గుడ్డతో తుడిస్తే మురికి వచ్చేస్తుంది.

అమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. “ఏందిరా ఇది, సెంటా?”

“కారు కడిగేదిమా. నీళ్ళు అక్కర్లేదు.”

“నీళ్ళు లేకుండానా? మల్ల అన్నం లేకుండా కడుపు నింపే సీసా ఉంటే అది గూడా తెప్పించు. మీ నాయనకు వంట బాధ తప్పతాది.” నవ్వుతూనే కిటికీలోంచి కారువైపు చూసింది. డాక్టర్లు ఆమెకు తాగే నీళ్ళు కొలిచి ఇమ్మన్న రోజులవి. దాహమైతే మంచుముక్క బుగ్గన పెట్టుకునేది. “పాపం, దీనికి గూడా డాక్టరు నీళ్ళు బంద్ చేసినాడా?” అంది.

నేను నవ్వాను. తర్వాత బాత్రూంలోకి వెళ్ళి, బయటికి వినపడకూడదని కొళాయి తిప్పాను. నీళ్ళు రాలేదు. ఎండాకాలం మా ఊళ్ళో మనిషికి చాటుగా ఏడ్చే వసతి కూడా ఉండదు.

ఆ సీసా మూత తీయకముందే, ఒక పొద్దున ఆస్పత్రికి వెళ్ళిన అమ్మ తిరిగి రాలేదు. ఇంతకంటే పెద్దగా రాయడం నాకు చేతకాదు. అంబులెన్సులో అమ్మ వచ్చింది. వెనకాల మా కారు వచ్చింది, ఎడమ సీటు ఖాళీగా. నేను వెనక సీట్లో నా చోటులోనే కూర్చున్నాను, దిండు పక్కన.

మర్నాడు నడవలేని పెద్దవాళ్ళను అదే కారులో శ్మశానం దాకా తీసుకెళ్ళి తెచ్చాం. వచ్చాక అందరి స్నానాలకే సంపు ఖాళీ అయింది. అలా వెళ్ళొచ్చిన బండిని కడగకుండా గేటు లోపలికి తేకూడదు. కడగడానికి నీళ్ళు లేవు. కాబట్టి కారు వీధిలో కానుగచెట్టు కింద ఉండిపోయింది. చెట్టు మీది కాకులు తమకు తోచిన సంతాపం అవి తెలుపుతూ వచ్చాయి.

ఈ కట్టడి పెట్టింది మా అత్త. నాయనకు అక్క. ఆమెది పుత్తూరు, ఎముకలు కట్టే ఊరు. విరిగినదాన్ని గట్టిగా లాగి కట్టేస్తే అతుక్కుంటుందని ఆ ఊరి నమ్మకం, అత్తకు అది ఎముకల దగ్గరే ఆగలేదు. వచ్చిన దగ్గర్నుంచీ మా ఇంటిని లాగి కడుతూనే ఉంది. నాయన చేత అన్నం తినిపించింది, నన్ను గడ్డం గీసుకునే మాట ఎత్తనివ్వలేదు, ఏడ్వాల్సిన వాళ్ళను ఏడిపించింది. ఉత్తరక్రియలకు ముందురోజు పొద్దున్నే వసారాలో కూర్చుని నన్ను పిలిచింది.

“రేయ్ అబ్బోడా, బండి కడిగినావా?”

“ట్యాంకరు రాలేదత్తా.”

“ట్యాంకరు రాకుంటే మైల గూడా పోకుండా ఆడ్నే ఉండాల్నా? రేపు అదే బండెక్కి ఏటికి పోవాల. ఆడికి పోయొచ్చిన బండి అట్లే ఎక్కిపోతే మీయమ్మకు చేసే పని ఆమెకు ముడతాదా? అది కడిగేదాకా నేను మంచినీళ్ళు ముట్టను.”

ముట్టలేదు. కాఫీ మాత్రం తాగింది. కాఫీ మంచినీళ్ళ కిందికి రాదట.

పక్కింటాయన ఆ మాట విని గోడ మీద నుంచి తల పెట్టి, మా డ్రమ్ములో నీళ్ళున్నాయి తీసుకోప్పా అన్నాడు. వద్దన్నా, ఉండనీ అన్నాను. అత్త నన్ను వింతగా చూసింది. చూడదా మరి.

అసలు విషయం ఇది. నీళ్ళంటూ దొరికితే అత్త ఊరికే బయట కడిగి ఊరుకోదు. బిందెలో పసుపు కలిపి, వేపరెబ్బ ముంచి, నాలుగు తలుపులూ తెరిచి సీట్లూ అద్దాలూ అన్నీ తడిపి తుడుస్తుంది. ఆమె వాళ్ళింట్లో చేసేది అదే, నేను చూశాను. ఆ ఎడమ అద్దం కూడా పోతుంది. నీళ్ళకు ఇది ఉంచాలి అది తీయాలి అన్న వివరం ఉండదు, పోసిన చోటల్లా పారుతాయి. స్ప్రే అలా కాదు. ఎక్కడ చల్లితే అక్కడే. చల్లని చోట ఏమీ కాదు. సీసా మీద ఈ సుగుణం రాయలేదు, కానీ నేను దాని కోసమే ఆ సీసాను పట్టుకుని నిలబడ్డాను.

“నా దగ్గర సీసా ఉండాదత్తా. చల్లి తుడిచేస్తా. నీళ్ళే అక్కర్లేదు.”

“నీళ్ళు లేకుండా కడిగితే అది కడగడమెట్లా అయితాదిరా? మంట లేకుండా వండినట్ల.”

“నువ్వు కరెంటు పొయ్యి మీద వండతాండావు కదత్తా, మంట యాడుండాది?”

“నోరు ముయ్యి. సామిని అడుగుతా.”

మా కర్మకాండ చూసే పంతులుగారికి ఫోను చేసి స్పీకరు పెట్టింది. అటువైపు గంట మోగుతోంది, ఇంకెవరింట్లోనో ఇంకేదో జరుగుతోంది. “సామీ, బండిని నీళ్ళు లేకుండా కడిగితే మైల పోతాదా?”

“శుద్ధి అంటే నీళ్ళు ఉండాల్సిందేనమ్మా.”

అత్త నావైపు గెలిచిన చూపు చూసింది. నేను సీసా వెనక్కి తిప్పి, చీమ తలకాయలంత అక్షరాల్లో ఉన్నది చదివాను. అందులో కలిపినవాటి వరసలో మొట్టమొదటి పేరు నీళ్ళు. మిగతావన్నీ పళ్ళు ఊడే పేర్లు.

“సామీ, దీంట్లో ఎక్కువ భాగం నీళ్ళేనంట సామీ.”

“నీళ్ళుంటే ఇంకేమబ్బా? చిటికెడు పసుపేసుకోండి, సరిపోతాది. రేపు పెందలాడే రండి, ఏట్లో ఇంకో ఇంటోళ్ళు గూడా ఉండారు.”

నీళ్ళు లేని సీసాలో ఉన్నవి నీళ్ళేనని తేలడంతో అత్త మంచినీళ్ళు తాగింది. గ్లాసు దించి, సీసా మూత తీసి, నేను వద్దు వద్దంటున్నా చిటికెడు పసుపు వేసి బాగా ఊపింది.

దాని ఫలితం చెప్తాను. ఆ సీసా చేసినవాళ్ళు పసుపును లెక్కలోకి తీసుకోలేదు. తెల్ల కారు మీద చల్లితే లేత పసుపు మంచు పడింది. గుడ్డ పచ్చబడింది, నా చేతులు పచ్చబడ్డాయి, కొంతసేపటికి సీసా మూతి పూడుకుపోయి చుక్క కూడా రాలేదు. గుండుసూదితో పొడిచి పొడిచి తీశాను. వీధిలో పోయేవాళ్ళు ఆగి, ఏమప్పా కొత్త బండా అని అడిగారు. పూజకు తయారుచేస్తున్నాననుకున్నారు. అమ్మ ఉంటే ఈ ఒక్క సంగతితో ఆరు నెలలు నన్ను తినేసేది. ఆ మాట అనుకున్నాక చాలాసేపు గుండుసూది ఎక్కడ పెట్టానో కనపడలేదు.

పని మాత్రం పద్ధతిగానే చేశాను. పైకప్పు నుంచి కిందికి రావాలి. ఒక్కో భాగం మీద చల్లి, మురికి నానేదాకా ఆగి, అదమకుండా ఒకే వైపుకు తుడవాలి. గుడ్డ మడత మార్చుకుంటూ ఉండాలి, లేకపోతే తీసిన ఇసుకే రంగును గీరుతుంది. కాకి సంతాపాలకు కొంచెం ఎక్కువసేపు నానబెట్టాలి. పైకప్పు, బానెట్టు, కుడి తలుపులు, డిక్కీ. ఎడమ ముందు తలుపుకు వచ్చి బయటి రేకు తుడిచాను, బయటి అద్దం తుడిచాను. లోపల ఆ మరక అలాగే ఉంది. బయటి దుమ్ము పోయేసరికి ఇంకా స్పష్టంగా కనపడింది, రెండు వెంట్రుకలతో సహా.

అప్పటికి నాయన వచ్చి నా పక్కన నిలబడి ఉన్నాడు. అమ్మ పోయిన దగ్గర్నుంచి ఆయన అడిగినదానికి జవాబు తప్ప మాట్లాడటం లేదు. ఆ అద్దాన్ని చూశాడు. నన్ను చూశాడు. నేను గుడ్డ మడత మార్చుకుంటూ, చాలా ముఖ్యమైన మడత అయినట్టు దాన్నే చూశాను.

అత్త గేటు దగ్గర్నుంచి అరిచింది. “లోపల తుడిచినారా? మనుషులు కూసున్నది లోపల, బయట కాదు!”

నేను నోరు తెరిచేలోపు నాయన అన్నాడు. “లోపల నేను పొద్దున్నే తుడిచేసినాలే అక్కా.”

తుడవలేదు. పొద్దున ఆయన మంచం మీది నుంచే లేవలేదు. మా నాయన అబద్ధం ఆడగలడని నాకు ఆ రోజే తెలిసింది, అదీ ఇంత సాఫీగా. ఆయన అటు తిరిగి లోపలికి వెళ్ళిపోతూ, “ఎండ పడతాంది, ఆ పక్కది ఇంక చాల్లే” అన్నాడు. ఆ పక్క పూర్తిగా నీడలో ఉంది.

ఏరంటే మాకు స్వర్ణముఖి. మర్నాడు ఇసుకలో కూర్చుని, గట్టు మీది కొళాయి నుంచి బిందెతో తెచ్చుకున్న నీళ్ళతో చేయవలసినవన్నీ చేశాం. నదికి నీళ్ళు మోసుకెళ్ళి అందులో మునిగినట్టు లెక్క వేసుకునే వాళ్ళం, కారు విషయంలో అంత పట్టుదల ఎందుకో. పోతూ వస్తూ ఎడమ సీట్లో నేనే కూర్చున్నాను. అద్దానికి భుజం తగలకుండా ఒక పక్కకు జరిగి. పాత కారు ఏసీ చాలక బాగా ఉక్కపోసింది. అద్దం దించలేదు. దించితే తలుపు అంచున ఉండే రబ్బరు ఆ మరకను గీకేస్తుంది. నాయన చెమటలు కారుతున్నా నన్ను దించమనలేదు. ఆయనవైపు బటన్లతో కూడా ఆ అద్దం దిగుతుంది. ఆయన వేలు కూడా అటు పోలేదు.

అన్నీ అయ్యాక అత్తను పుత్తూరులో దింపడానికి బయలుదేరాం. అత్త వెనక కూర్చుంది. రేణిగుంట దాటాక టీ కొట్టు దగ్గర ఆపమంది. దిగి, చెట్టు పట్టుకుని నిలబడి, మొహం కడుక్కుంది.

“వెనక కూసుంటే కడుపులో తిప్పతాందిరా. ముందు కూసుంటా.”

నాయన, నేను ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. వద్దనడానికి ఒక్క కారణం కావాలి. వాంతి వచ్చే పెద్దావిడను ముందు కూర్చోవద్దని ఎవరనగలరు?

అత్త కూర్చుంది. నాయన ఏసీ పెంచాడు. చాలా పెంచాడు. కారు కదిలిన కొంతసేపటికి అత్త, “ఈ పెట్టెలో గాలి నాకు పడదబ్బా” అంటూ తలుపు మీద చేత్తో తడిమి బటన్ నొక్కింది. నేను వెనక నుంచి “అత్తా, ఆ అద్దం దిగదు” అన్నాను.

దిగింది. అంతకుముందు ఎప్పుడూ లేనంత నున్నగా, చప్పుడు కూడా లేకుండా దిగింది.

నాయన కారు పక్కకు తీసి ఆపేశాడు.

“ఏందిరా ఆపినావు?” అంది అత్త.

“ఏం లేదుక్కా. గాలి పీల్చుకో. టైరు సూసొస్తా.”

దిగి వెనక టైరు దగ్గరికి వెళ్ళాడు. నేనూ దిగాను. ఇద్దరం ఆ టైరును చూస్తూ నిలబడ్డాం.

“బాగుండాదా?” అన్నాడు.

“బాగుండాది నాయనా.”

ఆయన దాన్ని చెప్పుకాలితో ఒకసారి తన్నాడు. ఇంకోసారి తన్నాడు. తర్వాత కారు మీద చెయ్యి ఆనించి, మొహం మోచేతిలో దాచుకుని ఏడ్చాడు. శ్మశానంలో ఏడవలేదు, ఏట్లో ఏడవలేదు. పుత్తూరు రోడ్డు మీద, లారీలు పోతుంటే, గాలి సరిగ్గా ఉన్న టైరు పక్కన ఏడ్చాడు. నేను ఆయన వీపు మీద చెయ్యి వేశాను. నా చేతుల పసుపు ఇంకా వదల్లేదు, ఆయన తెల్లచొక్కాకు అంటుకుంది. పోయే లారీవాడొకడు వేగం తగ్గించి, పంక్చరా అన్నా అని అడిగాడు. అవునన్నాను.

మేం వచ్చి కూర్చునేసరికి అత్త అద్దం పైకెత్తేసింది. మరక ఉన్నచోట పైనుంచి కిందికి రెండు పొడుగాటి జిడ్డు చారలు మిగిలాయి. వెంట్రుకలు లేవు.

“ఇదిగో, ఈ అద్దం ఒక్కటి సరిగ్గా తుడవనే లేదు మీరు” అంటూ అత్త కొంగుతో ఆ చారలను గట్టిగా రుద్దింది. రుద్ది, కొంగు జిడ్డయ్యిందేమో అని చూసుకుంది. ఏదో అనుమానంగా ముక్కు దగ్గర పెట్టుకుంది.

ఆ నూనె అత్తకు తెలుసు. అమ్మ కాచినప్పుడల్లా ఒక సీసా పుత్తూరుకు పంపేది.

అత్త మెల్లగా వెనక్కి తిరిగి నన్ను చూసింది. తర్వాత నాయనను చూసింది. “ఒక్క మాట చెప్పకూడదారా నాకు?” అంది. నాయన గేరు వేశాడు. అక్కడి నుంచి పుత్తూరు దాకా అత్త ఆ కొంగు కొసను గుప్పిట్లో పట్టుకునే కూర్చుంది. ఇల్లు వచ్చాక కూడా వెంటనే దిగలేదు. “నాకు తెలీదురా, నాకు తెలీదు” అని నాయన భుజం పట్టుకుని ఊపింది. మైల పోయేలా అందరి చేతా స్నానాలు చేయించిన మనిషి, తన చేత్తో తానే తుడిచేసిన దానికి ఏం చేయాలో తెలియక మాకేసి చూస్తూ ఉండిపోయింది. నాయన, “నువ్వేం చేస్తావులేక్కా, ఉక్కపోసింది” అన్నాడు.

ఆ చీరను అత్త ఇప్పటిదాకా ఉతకకుండా దాచుకుందని రాస్తే బాగుంటుంది. మర్నాడే ఉతికింది. పుత్తూరులో నీళ్ళు వదిలే రోజు అది, మళ్ళీ ఎప్పుడు వదులుతారో తెలియదు. ఉతికాక ఫోను చేసి, ఉతికేసినానురా అని చెప్పింది.

తిరిగి వచ్చాక కారు గేటు లోపల పెట్టాం. ఇప్పుడు దానికి ఏ అభ్యంతరమూ లేదు. అద్దం మీద మిగిలిన జిడ్డు సాయంత్రం ఎండకు మసకమసకగా మెరిసింది. అందులో అమ్మ తల లేదు, దువ్వెన గీతలు లేవు, ఏమీ లేదు. ఊరికే జిడ్డు. నాయన గుడ్డ తెచ్చి నా చేతికిచ్చి లోపలికి వెళ్ళిపోయాడు. నేను సీసాలో మిగిలినది చల్లి తుడిచాను. జిడ్డు పోలేదు, ఇంకొంచెం వెడల్పయింది.

అద్దం లోపలి నూనె జిడ్డుకు ఆ స్ప్రే పనికిరాదు. అంట్లు తోమే సబ్బునీళ్ళలో గుడ్డ ముంచి, గట్టిగా పిండి, దాంతో తుడిచి, తడి ఆరకముందే పొడిగుడ్డ వేయాలి. మగ్గెడు నీళ్ళు సరిపోతాయి.